గాలం బెండు చేత్తో చేసుకుందాం: జొన్న సొప్ప నుంచి నెమలి కాడ దాకా

వానలు పడి చెరువులోకి కొత్త నీళ్ళు దిగి, శిఖం (చెరువు లోపలి భూమి) గడ్డి మునిగిందంటే మా వరంగల్ దిక్కు చెరువు కట్టల మీద గాలాల వాళ్ళు కనబడతారు. చేతిలో కంక (వెదురు) కట్టె, దానికి తంగూస్ (నైలాన్) దారం, పక్కన డబ్బాలో మట్టితో పాటు ఎర్రలు (వానపాములు). కండ్లు మాత్రం నీటి మీద ఎర్రగా కనిపించే ఒక చిన్న చుక్క మీదే ఉంటాయి. ఆ చుక్క బెండు. గాలంలో చేపతో మనకు మాట కలిపేది అదొక్కటే.

ఇప్పుడు ప్లాస్టిక్ బెండ్లు దుకాణంలో తక్కువ ధరకే దొరుకుతున్నాయి. వాటితోనూ చేపలు పడతాయి. కానీ వాటిలో చాలావరకు గుండ్రంగా, లావుగా ఉండి చెరువులోని చిన్న పరిగె చేపకూ బంగారు తీగ చేపకూ అసలు పనికిరావు. మన నీళ్ళకు, మన చేపలకు సరిపోయే బెండు మన చేనులోని సొప్పతో, చెరువు అంచున పెరిగే మొక్కతో, రాలిన ఈకతో ఒక పూటలో చేసుకోవచ్చు. నేను చిన్నప్పటి నుంచి చేస్తున్నాను. తెలిసినదంతా ఇక్కడ పెడుతున్నాను.

ముందు బెండు పని అర్థం కావాలి

నాకు మొదటి బెండు చేయడం నేర్పింది మా మేనమామ. నేను చేసిన బెండును నీళ్ళలో వేసి, సగానికి పైగా పైకి తేలి నిలబడితే సంతోషంగా చూపించాను. ఆయన దాన్ని వేలితో కిందికి నొక్కి వదిలాడు. అది టపుక్కున పైకి ఎగిరింది. "అల్లుడా, బెండు తేల్తాందని కుశాలైతానవా? గిప్పుడు నా ఏలు ఎంత జోరుగ ఒత్తిందో చాప గంత జోరు వెట్టాలె. చాపకు బరువు తెల్వద్దు" అన్నాడు.

బెండు చేయడంలో ఉన్న కిటుకంతా ఆ మాటలోనే ఉంది. ఎరను కావలసిన లోతులో ఆపడం, చేప ముట్టగానే మనకు చెప్పడం బెండు పనులు. నీళ్ళలో మునిగిన ప్రతి ఘన సెంటీమీటరుకు ఒక గ్రాము చొప్పున నీరు బెండును పైకి తోస్తుంది. బెండు సొంత బరువు, కింద కట్టిన సీసం బరువు పోగా ఇంకా ఎంత భాగం నీటిపైన మిగిలి ఉందో, దాన్ని ముంచడానికి చేప అంత లాగాలి. లావు బెండు సగం పైకి తేలితే చేప రెండు మూడు గ్రాములు లాగాలి. కొర్రమీనుకు అది లెక్కలోకి రాదు. వేలెడంత పరిగె మాత్రం ఎరను నోట్లో పెట్టుకుని, లాగుతున్నది ఏదో ఉందని తెలియగానే ఉమ్మేస్తుంది. మీకు బెండు కదిలినట్టే తెలియదు.

కాబట్టి మునిగిపోవడానికి వెంట్రుకవాసి దూరంలో ఉండేదే మంచి బెండు. కింద చెప్పే కొలతలు, తూకాలు అన్నీ దీని కోసమే.

ఏ వస్తువుతో చేయాలి

జొన్న సొప్పతో మొదలుపెట్టండి. ఖర్చు లేదు, చెడిపోతే బాధ లేదు. ఎండిన జొన్న కర్రను రెండు గణుపుల మధ్య కోసి, పైన గట్టిగా ఉండే పెచ్చును గోరుతో లేదా కత్తితో లాగితే నిలువునా ఊడొస్తుంది. లోపల తెల్లగా, నురగలాంటి గుజ్జు ఉంటుంది, దీన్నీ బెండు అనే అంటాం. మన పల్లెల్లో పిల్లలు దీన్నే చక్రాలుగా కోసి, పెచ్చుల పుల్లలు గుచ్చి బండ్లు చేసుకునేవాళ్ళు. బండి చేసిన చేతికి బెండు చేయడం వేరుగా నేర్పాల్సిన పని లేదు. మక్క సొప్ప కూడా పనికొస్తుంది కానీ దాని బెండులో నారలు ఉంటాయి, నీళ్ళు తొందరగా పీలుస్తుంది. జొన్ననే మంచిది.

జొన్న కంటే మేలైనది నీటి జీలుగ. ఈ పేరు దగ్గర చాలామంది పొరపడతారు. పొలంలో పచ్చిరొట్టకు చల్లే జీలుగ వేరు. అడవిలో కల్లు తీసే జీలుగ చెట్టు వేరు. నేను చెప్పేది చెరువు అంచుల్లో, నీళ్ళు నిలిచే మడుల్లో పెరిగే మొక్క. చిన్న చిన్న ఆకులు, పసుపు పూలు, నీటిలో ఉన్న కాండం లావుగా ఉబ్బి ఉంటుంది. ఆ కాండం పైపొర గీకితే లోపల పాలలాంటి తెల్లటి బెండు. పెళ్ళిళ్ళకు బాసింగాలు, బెండు పూలు చేసేది దీనితోనే. చెరువులో దొరకకపోతే బాసింగాలు చేసేవాళ్ళను అడిగితే ముక్కలు ఇస్తారు. చేతిలో పెట్టుకుంటే బరువు ఉన్నట్టే అనిపించదు. పదునైన బ్లేడుతో కోస్తే వెన్నలా తెగుతుంది. మొండి బ్లేడుతో కోస్తే మాత్రం నలిగిపోతుంది, నలిగిన చోట మళ్ళీ ఉబ్బదు.

మూడోది నెమలి ఈక కాడ. ఈక కింది భాగంలో పోగులు తీసేస్తే మిగిలే తెల్లటి కాడ సన్నగా, నునుపుగా, లోపల తేలికపాటి గుజ్జుతో ఉంటుంది. పైపొర నీరు పట్టదు. దీనికి వార్నిష్ కూడా అక్కర్లేదు. ప్రకృతి తయారు చేసి ఇచ్చిన బెండు అనే అనాలి. అయితే నెమలి మన జాతీయ పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని వేటాడడం, చంపడం నేరం. వానాకాలం చివర నెమళ్ళు వాటంతట అవే ఈకలు రాలుస్తాయి. చేల గట్ల మీద, మామిడి తోటల్లో ఏరుకున్నవే వాడండి. పీకిన ఈకకు కాడ మొదట్లో నెత్తురు మరక ఉంటుంది. అలాంటిది ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు.

నాలుగోది పొణికి కర్ర. నిర్మల్ బొమ్మలు చెక్కేది దీనితోనే. తేలికైన, మెత్తని కర్ర. బెండు అంత తేలిక కాదు గానీ దెబ్బలు ఓర్చుకుంటుంది. కొర్రమీనుకు, వాలుగకు కప్పనో చిన్న చేపనో కట్టి వేసేటప్పుడు జొన్న బెండు ఒక్క రోజులో చిట్లిపోతుంది. అక్కడ పొణికి కావాలి.

థర్మోకోల్ గురించి అడుగుతారు. తేలుతుంది, నిజమే. కానీ విరిగితే పూసలు పూసలుగా చెరువంతా పరుచుకుంటుంది. పైగా ఎనామిల్ రంగులోని థిన్నర్ తగిలితే కరిగిపోతుంది. నేను వాడను. పాత హవాయి చెప్పు రబ్బరును గుండ్రంగా కోసి వాడేవాళ్ళు ఉన్నారు. అది గట్టిదే కానీ లావు పనులకే.

పనిముట్లు

కొత్త షేవింగ్ బ్లేడు, చిన్న కత్తి. శాండ్ పేపర్ రెండు రకాలు: 120 నంబరు గరుకుది, 320 నంబరు నునుపుది. ఒక కొస అరగదీసి సూదిలా చేసిన పాత సైకిల్ పుల్ల. సైకిల్ వాల్వ్ ట్యూబ్ ఒక మూర. కుట్టు దారం. వైండింగ్ దుకాణంలో దొరికే సన్నని రాగి తీగ కొంచెం. జిగురు విషయంలో జాగ్రత్త: మామూలు తెల్ల జిగురు నీళ్ళలో నానితే మెత్తబడుతుంది. అరాల్డైట్ లాంటి రెండు ట్యూబులు కలిపే జిగురు తీసుకోండి. పూతకు వార్నిష్, పైన రంగుకు చిన్న ఎనామిల్ డబ్బా.

అరగంటలో జొన్న బెండు

రెండు గణుపుల మధ్య ముక్కను పెచ్చు తీసి, 4 సెంటీమీటర్ల పొడవు కోయండి. తీసిన పెచ్చుల్లో గట్టిగా, తిన్నగా ఉన్నదాన్ని అగ్గిపుల్ల కంటే సన్నగా చీల్చి 12 సెంటీమీటర్లు ఉంచండి. సైకిల్ పుల్లతో బెండు నడుమ సన్నగా దారి చేసి, పెచ్చు పుల్లను అందులోంచి దూర్చండి. పైన 3 సెంటీమీటర్లు, కింద 5 సెంటీమీటర్లు బయట ఉండాలి. బెండు రెండు కొసలను శాండ్ పేపర్‌తో గుండ్రం చేయండి. కొవ్వొత్తి మైనాన్నో, తేనె మైనాన్నో చిన్న గిన్నెలో కరిగించి, మంట ఆపి, అందులో ఒకసారి ముంచి వెంటనే తీయండి. మైనం పలుచగా పట్టాలి. ఎక్కువసేపు ఉంచితే బెండు మైనం తాగి బరువెక్కుతుంది.

ఇంతే. ఒకే కర్రలోంచి బెండూ వచ్చింది, దాని పుల్లా వచ్చింది. రెండు మూడు రోజులు వాడుకోవచ్చు. పిల్లలతో చేయించడానికి ఇదే సరైనది. మైనం కరిగించే పని మాత్రం పెద్దవాళ్ళు చేయాలి.

అసలు బెండు: నీటి జీలుగ, కంక పుల్ల

ఏళ్ళ తరబడి నిలిచే బెండు ఇది. తొందరపడితే చెడిపోతుంది. కాండం ఆరాక మొత్తం నాలుగైదు రోజులు పడుతుంది కానీ రోజూ కూర్చునే పని అరగంటే.

కాండాన్ని 5 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి నీడలో ఆరబెట్టండి. పచ్చిగా ఉంటే రెండు వారాలు. ఎండలో పెడితే పైన తొందరగా ఆరి లోపల పచ్చి ఉండి పగుళ్ళు వస్తాయి. ఆరిన ముక్క గోరుతో తడితే పొడిగా టకటకమంటుంది.

ఇప్పుడు రంధ్రం. ముందు ఆకారం చెక్కి తర్వాత రంధ్రం చేసేవాళ్ళకు పుల్ల ఎప్పుడూ పక్కకే వస్తుంది. రంధ్రమే ముందు. ముక్క ఇంకా లావుగా, మొరటుగా ఉండగానే సూది చేసిన సైకిల్ పుల్లను ఒక కొస మధ్యలో పెట్టి, తోయకుండా అటూ ఇటూ తిప్పుతూ సగం దాకా దింపండి. తర్వాత రెండో కొస నుంచి అలాగే. రెండు దారులు నడుమ కలుస్తాయి. ఒకే వైపు నుంచి తోస్తే అవతలి కొస చిట్లిపోతుంది. సైకిల్ పుల్లను కాల్చి గుచ్చవద్దు, జీలుగ బెండు మాడిపోతుంది. పొణికికైతే కాల్చిన పుల్లే మంచిది.

పుల్లకు ఎండిన కంక బొంగు తీసుకోండి. పైచర్మం ఉన్న వైపు నుంచి 15 సెంటీమీటర్ల పుల్లను చీల్చి, రెండున్నర మిల్లీమీటర్ల లావు వచ్చేదాకా కత్తితో గీకండి. నేల మీద పెట్టి దొర్లిస్తే వంకర తెలుస్తుంది. వంకర ఉన్న చోట దీపం సెగ చూపించి వేళ్ళతో సరిచేస్తే నిలుస్తుంది. చిన్న బెండ్లకు ఊదుబత్తి పుల్ల కూడా చాలు.

పుల్లకు జిగురు పూసి, తిప్పుతూ దూర్చండి. బెండుకు కింద 7, పైన 5 సెంటీమీటర్లు బయట ఉంటే మిగతా 3 సెంటీమీటర్లు బెండులో ఉన్నట్టు. 5 సెంటీమీటర్ల ముక్కకు రెండు కొసలా ఒక్కో సెంటీమీటరు ముందే కోసేయండి. కొసలు ఎలాగూ రంధ్రం చేసేటప్పుడు కొంచెం నలుగుతాయి. పుల్ల బయటికి వచ్చే రెండు చోట్లా చుట్టూ జిగురు చుక్క పెట్టడం మర్చిపోవద్దు.

ఈ చుక్క గురించి ఎందుకంత నొక్కి చెబుతున్నానంటే, నేను ఒకసారి డజను బెండ్లు చేశాను. రంగులు కూడా అందంగా వేశాను. కింది చుక్క మాత్రం పెట్టలేదు. పొద్దున్నే గాలం వేస్తే బెండు చక్కగా నిలబడింది. తొమ్మిది దాటాక మెల్లగా మునగడం మొదలైంది. చేప కొడుతోందని లాగుతూ, ఎర మారుస్తూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. చివరికి బెండు తీసి చూస్తే పుల్ల వెంట నీళ్ళు లోపలికి పాకి ఉన్నాయి. డజనూ అంతే. ఆ రోజు నుంచి రెండు చుక్కలు పెట్టకుండా బెండు పక్కన పెట్టింది లేదు.

జిగురు ఒక రాత్రి ఆరాక ఆకారం. పుల్ల కొసను ఎడమ చేతి వేళ్ళ మధ్య పట్టి తిప్పుతూ, కుడి చేత్తో మడిచిన గరుకు శాండ్ పేపర్‌ను బెండు చుట్టూ తేలిగ్గా పట్టండి. నొక్కవద్దు, తిరగడమే పని చేస్తుంది. నిలకడ నీటికి, గాలి పెద్దగా లేని పొద్దుటి పూటకు రెండు కొసలా సమానంగా సన్నబడే కదురు ఆకారం. లావు నడుమ 12 మిల్లీమీటర్లు చాలు. మత్తడి (అలుగు) కింద పారే నీటికైతే లావు పైభాగంలో ఉండి కిందికి సన్నబడాలి. అప్పుడు పారకం దాన్ని ముంచకుండా మోస్తుంది. పెద్ద చెరువుల మీద మధ్యాహ్నం గాలి లేస్తుంది. అక్కడికి లావు కిందికి దించి, పైన పుల్ల పొడవుగా ఉంచండి. గాలికి పట్టుకునేంత బెండు నీటిపైన ఉండకూడదు.

చివర నునుపు శాండ్ పేపర్‌తో దుమ్ము లేకుండా చేసి, పుల్ల కింది కొసకు రాగి తీగతో చిన్న కన్ను పెట్టండి. తీగను అగ్గిపుల్ల చుట్టూ ఒక మెలి తిప్పితే కన్ను వస్తుంది. దాని రెండు కాళ్ళను పుల్లకు ఆనించి దారం బిగుతుగా పది చుట్లు చుట్టి జిగురు పూయండి.

పూతకు వార్నిష్ రెండు మూడు సార్లు, ఒక్కో పూతకు ఒక రోజు ఆరనివ్వాలి. మధ్యలో ఒకసారి 320 కాగితం తేలిగ్గా తిప్పండి. అవిసె నూనె అయినా పనికొస్తుంది కానీ ఆరడానికి ఎక్కువ రోజులు కావాలి. ఆముదం మాత్రం వద్దు, అది ఎన్నాళ్ళకూ ఆరదు. వడ్రంగులు వాడే లక్క పాలిష్ ఒక్కటే పూస్తే నీళ్ళలో తెల్లబడుతుంది. దాని మీద వార్నిష్ ఉండాలి.

రంగు కంటే ముందు తూకం

రంగు వేయాలని చేతులు లాగుతుంటాయి. ఆగండి. తూకం చూడని బెండుకు రంగు వేయడం కొలత తీయకుండా అంగీ కుట్టడం లాంటిది.

లోతైన బకెట్ లేదా నీళ్ళ డ్రమ్ము కావాలి. బెండు కన్నుకు చిన్న దారం కట్టి సీసం ముక్కలు ఒక్కొక్కటీ జతచేస్తూ నీళ్ళలో వదలండి. మొదట అడ్డంగా పడుకుంటుంది. తర్వాత వంగి నిలబడుతుంది. ఆ తర్వాత నిటారుగా లేచి మెల్లగా దిగుతుంది. బెండు ముక్క మొత్తం మునిగి, పైపుల్లలో ఒక సెంటీమీటరున్నర మాత్రమే కనిపించేదాకా జతచేస్తూ పోండి. ఆ సెంటీమీటరున్నర పుల్ల ఘనపరిమాణం చాలా తక్కువ, కాబట్టి దాన్ని ముంచడానికి చేపకు గ్రాములో పదో వంతు కూడా పట్టదు. మా మామ వేలితో నొక్కి చూపించింది ఇప్పుడు సరిపోయినట్టు.

పైన చెప్పిన కొలతల బెండు, అంటే 3 సెంటీమీటర్ల పొడవు, నడుమ 12 మిల్లీమీటర్ల లావు ఉన్నది, సుమారు 2 గ్రాముల సీసం మోస్తుంది. 15 సెంటీమీటర్ల నెమలి కాడ గ్రాము పైచిలుకు మోస్తుంది. మీ బెండు ఎంత మోసిందో కాటా మీద చూసి, పుల్ల మీద సన్న పెన్నుతో రాసి వార్నిష్ వేయండి. మరుసటి ఏడు చెరువు కట్ట మీద లెక్క వెతుక్కునే పని ఉండదు.

ఎర సంగతి కూడా లెక్కలోకి రావాలి. ఎర్ర దాదాపు నీటి అంతే బరువు, దానితో తేడా రాదు. తవుడు, పల్లి చెక్క కలిపిన పిండి ముద్ద అలా కాదు, అది బెండును లాగుతుంది. పిండికి వాడే బెండుకు సీసం కొంచెం తగ్గించండి.

సీసంతో జాగ్రత్త. అది విషం. చీలిక ఉన్న సీసం గుండును పళ్ళతో నొక్కడం చాలామందికి అలవాటు, దయచేసి మానండి, చిన్న పట్టకారు వాడండి. పని అయ్యాక చేతులు కడగందే ఏమీ తినవద్దు. పాత బ్యాటరీల సీసం ఇంట్లో కరిగించడం అసలే వద్దు. తెగిన గుండ్లను చెరువులో వదిలేస్తే బాతులు, నీటికోళ్ళు రాళ్ళనుకుని మింగుతాయి. చిన్న ఇనుప నట్లు, ఇత్తడి ముక్కలు కూడా అదే పని చేస్తాయి. కొంచెం పెద్దగా ఉంటాయి, అంతే తేడా.

రంగు

కింది భాగానికి రంగు అక్కర్లేదు. చేప కింది నుంచి చూస్తుంది, కాబట్టి కంక రంగో, ఆకుపచ్చో ఉంటే మంచిది. పైన కనిపించే సెంటీమీటరున్నరకే రంగు. మొదట తెల్ల పూత, దాని మీద ఎరుపో నారింజో వేస్తే మెరుస్తుంది. చెట్ల నీడ పడే నీటికి పసుపు బాగా కనబడుతుంది. సాయంత్రం పొద్దు నీటి మీద పడి తళతళలాడేటప్పుడు ఎరుపు కనబడదు, అక్కడ నలుపు కొస ఉన్న బెండే స్పష్టంగా తెలుస్తుంది. అందుకే నా దగ్గర ఒకే తూకం బెండ్లు రెండుంటాయి, ఒకటి ఎర్ర కొస, ఒకటి నల్ల కొస.

నెమలి కాడతో అయితే

ఈక కింది భాగంలోని పోగులు కోసేసి, తెల్ల కాడను 15 సెంటీమీటర్లు తీసుకోండి. కోసిన కొసను జిగురుతో మూసేయండి. కన్ను పెట్టే పని లేదు. రెండు చోట్ల వాల్వ్ ట్యూబ్ ముక్కలు తొడిగి, వాటి కింది నుంచి దారం పోనిస్తే చాలు. కొసకు రంగు. అయిపోయింది. పరిగెకు, చిన్న బొచ్చె పిల్లలకు ఇంతకు మించిన బెండు నేను చూడలేదు.

దారానికి కట్టడం, లోతు చూడడం

లోతు తక్కువ చోట బెండును దారానికి బిగించి కట్టాలి. వాల్వ్ ట్యూబ్‌ను అర సెంటీమీటరు ముక్కలుగా కోసి, ముందే దారంలోకి ఎక్కించుకోండి. ఒకటి పైపుల్లకు, ఒకటి కింది పుల్లకు. లోతు మార్చాలంటే దారం జరిపితే చాలు. ట్యూబ్ పాతబడితే పగుళ్ళు వస్తాయి, సీజనుకొకసారి మార్చండి.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో లోతు ఒక తీరుగా ఉండదు. మోకాలి లోతు అనుకున్న చోట ఒక్కసారిగా గుంత వస్తుంది. కాబట్టి రెండు పనులు. ఒకటి, నీళ్ళలోకి దిగి గాలం వేయవద్దు, ఒడ్డు నుంచే వేయండి. పెద్ద కాలువల సిమెంటు వాలుల మీద అసలే కూర్చోవద్దు, జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. రెండోది, గుంతల్లో కట్టె పొడవు కంటే లోతు ఎక్కువైతే జారే బెండు వాడండి. కన్నులోంచి దారం పోనిచ్చి, కావలసిన లోతు దగ్గర కుట్టు దారంతో చిన్న ముడి వేస్తే బెండు ఆ ముడి దాకా జారి ఆగుతుంది.

లోతు తెలుసుకోవడానికి గాలం ముల్లుకు బరువైన నట్టు ఒకటి తగిలించి వేయండి. బెండు మునిగిపోతే లోతు ఇంకా ఉంది, దారం పెంచండి. పడుకుని తేలితే లోతు తక్కువైంది. పుల్ల కొస నీటి అంచున నిలిచిన కొలత ఆ చోటి లోతు.

ఇంకో మాట. ఊరి చెరువుల్లో చేపలు చాలా చోట్ల మత్స్య సహకార సంఘం వాళ్ళవి. పిల్లలు వేసి, కాపలా కాసి పెంచుకుంటారు. గాలం వేసే ముందు వాళ్ళను అడగండి. పాకాల లాంటి అభయారణ్యం చెరువుల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా వేయవద్దు. నేను అడిగిన చోట చాలాసార్లు సరేనన్నారు, పైగా ఎక్కడ పడుతున్నాయో కూడా చెప్పారు. వాళ్ళ వల బెండ్లు చూసి నేర్చుకోవలసింది కూడా ఉంది: వల పైతాడుకు కట్టిన బెండ్ల తేలుడు, కింది తాడుకు కట్టిన సీసం బరువు కంటే ఎక్కువైతే వల పైనీటిలో నిలుస్తుంది, తక్కువైతే అడుగుకు దిగి నిలబడుతుంది. మన చిన్న బెండు లెక్కే అది, వందల బెండ్ల మీద.

దాచడం

ఒక గణుపు మూసి ఉన్న కంక బొంగు ముక్క తీసుకుని, అందులో బెండ్లు నిలువుగా పెట్టి, నోటికి గుడ్డ కుక్కితే విరగకుండా ఉంటాయి. తడి ఆరాకే పెట్టండి. వార్నిష్ లేచిన చోట కనిపిస్తే అదే రోజు చుక్క వేయండి. ఒక్కసారి నీళ్ళు తాగిన జీలుగ బెండు ఆరినా మునుపటి తూకానికి రాదు. దాన్ని మళ్ళీ బకెట్లో చూడాలి.

బెండు మాట వినడం

తూకం సరిగ్గా కుదిరిన బెండు ముందు కూర్చున్నాక ఒక్కో చేప ఒక్కో తీరుగా మాట్లాడుతుంది. పరిగెలు ముక్కుతో పొడుస్తాయి, కొస టకటక కదిలి వలయాలు వస్తాయి కానీ మునగదు. వాటిని పట్టాలంటే చిన్న ముల్లు, ఎర్రలో గోరంత ముక్క చాలు. జెల్ల ఎరను మింగి నడుస్తూ పోతుంది, బెండు ఒక దిక్కుకు తిన్నగా జరుగుతూ వంగి మునుగుతుంది. మన రాష్ట్ర చేప కొర్రమీను ఊపిరికి పైకి వచ్చి నీటిపైన బుడగ వదిలి పోతుంది. ఆ బుడగ పక్కన కప్ప కట్టిన పొణికి బెండు ఉంటే ఒక్క గుంజుతో మాయమవుతుంది. అప్పుడు వెంటనే లాగవద్దు, కప్పను సరిగ్గా నోట్లోకి తీసుకునేదాకా దారం వదలాలి.

బంగారు తీగ సంగతి వేరు. దాని కోసం ముల్లుకు పైన నాలుగు వేళ్ళ దూరంలో బెండు మోసే సీసమంతా ఒకే గుండుగా పెట్టి, అది అడుగు మట్టికి ఆనేలా లోతు సరిచేయండి. బంగారు తీగ తల కిందికి పెట్టి ఎరను మట్టిలోంచి పీల్చి, తల పైకెత్తుతుంది. దానితో పాటు ఆ గుండూ లేస్తుంది. బెండుకు మోయవలసిన బరువు తగ్గిపోతుంది. కొస మెల్లగా నీటిలోంచి పెరుగుతూ వచ్చి, ఆకుపచ్చ నడుము కనబడి, బెండు మొత్తం నీటి మీద అడ్డంగా ఒరిగి పడుకుంటుంది. దుకాణం బెండు దీన్ని చెప్పలేదు. అది పడుకోవడం మొదలుపెట్టగానే, పూర్తిగా ఒరగకముందే, మణికట్టుతో చిన్నగా కట్టె లేపండి.